ఉపవాసముండి వెళ్లిన స్పిరిట్ వాక్

ఏ కాగితాన్నయినా సగం చదివి, మిగతా సగం ఊహించుకునే ధైర్యం ఆ రోజుల్లో నాకు నిండుగా ఉండేది. ఇప్పుడంటే మందు సీసా మీద అక్షరాలు కూడా (దగ్గు మందు సీసా అని మనవి) కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదువుతున్నాను గానీ, ఇరవై ఆరేళ్ల వయసులో ఇంటి అగ్రిమెంటు, ఆఫీసు వాళ్లిచ్చిన ఆఫర్ లెటరు, మైక్రోవేవ్ మీద అంటించిన హెచ్చరిక, ఏదైనా సరే నాకు పై రెండు లైన్లే. ఆ పద్ధతి వల్ల మైక్రోవేవ్ ఒకటి పోయింది. మైక్రోవేవ్ సంగతి ఎవరికీ గుర్తులేదు. రెండోసారి జరిగింది మాత్రం కాల్గరీ తెలుగు సంఘంలో ఇప్పటికీ ఎవరో ఒకరు, నేను భోజనాల వరుసలో నిలబడ్డప్పుడు, గుర్తుచేస్తూనే ఉంటారు.

అప్పటికి నేను కెనడాలోని ఈ కాల్గరీ వచ్చి ఏడాది. ఒక ఆయిల్ కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ల పని, ఒక ఆంటీ గారింట్లో బేస్‌మెంటులో కాపురం. ఆంటీది పాలకొల్లు దగ్గర పల్లె. మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రెయినింగై, ఈ దేశానికొచ్చి ముప్ఫై ఏళ్లు వార్డుల్లో నడిచి రిటైరయిన మనిషి. మా తెలుగు చర్చిలో సండే స్కూలు, స్త్రీల కూటం రెండూ ఆవిడ చేతిమీదే నడిచేవి. అంకుల్ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. నేను ఆయన్ని చూడలేదు. కానీ గుమ్మం దగ్గర ఆయన కోటు వేలాడుతూనే ఉండేది, ఆయన వడ్రంగి పని చేసుకున్న గరాజ్‌కి తాళం పడే ఉండేది. ఆంటీ చర్చికీ, కూరగాయలకీ తప్ప గడప దాటేవారు కాదు. వంట చేసేవారు, నాకు పెట్టేవారు, కిటికీ దగ్గర కూర్చునేవారు. వాళ్లమ్మాయి టొరంటో పక్కన మార్కమ్‌లో ఉంటుంది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. వారానికొకసారి నాకు ఫోన్ చేసి, తమ్ముడూ, అమ్మని ఒక్కసారి ఎక్కడికైనా తీసుకెళ్లవా, నేను చెప్తే వినట్లేదు అని బతిమాలేది. నేను ప్రయత్నించకపోలేదు. మాల్‌కి వెళ్దామంటే అక్కడి లైట్లకి కళ్లు తిరుగుతాయనేవారు. కొండల వైపు డ్రైవ్ చేద్దామంటే, మంచు ఈ కిటికీలోంచి రోజూ కనపడుతోందిగా అనేవారు.

అలాంటి సమయంలో లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఆ కాగితం కనపడింది. చర్చిలా ఉన్న పాత రాతి భవనం బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో శనివారం స్పిరిట్ వాక్, డౌన్‌టౌన్‌లో ఈ ఊరి పాత ఆత్మను గైడుతో కలిసి చూడండి అని. పై రెండు లైన్లు అవే. కింద ఇంకా చాలా ఉంది. అక్కడే నిలబడి ఫోన్‌లో ఇద్దరికి బుక్ చేసేశాను. వచ్చేటప్పుడు వయసు రుజువు తీసుకురండి అని ఈమెయిలు వస్తే, ఈ దేశంలో చర్చిలు చూడ్డానిక్కూడా ఐడీ అడుగుతారు కాబోలు అనుకున్నానే తప్ప, అనుమానం రాలేదు. ఇంటికొచ్చి, స్పిరిట్ వాక్ అంట ఆంటీ, పాత రాతి బిల్డింగులు తిప్పి చూపిస్తారంట అన్నాను. ఆవిడ మొదటిసారి కిటికీ మీంచి చూపు తిప్పి, స్పిరిట్ వాకా, ఏ చర్చి వాళ్లు, ఏ డినామినేషన్ వాళ్లు పెడుతున్నారు అని అడిగారు. అన్ని డినామినేషన్లూ కలిసి చేస్తున్నట్టున్నారని చెప్పాను. (ఆ ముక్క మాత్రం, తర్వాత చూస్తే, నిజమే.) అయితే వస్తానన్నారు. అంతేకాదు, అలాంటి నడకకి కడుపు నిండా తిని వెళ్లకూడదు, ఉపవాస ప్రార్థనతో వెళ్దాం అన్నారు. శనివారం పొద్దున్న నాకు కాఫీ కూడా ఇవ్వలేదు.

ఆ రోజు చినూక్ గాలి వీస్తోంది. కాల్గరీలో ఉన్నవాళ్లకి తెలుసు, నడి చలికాలంలో ఉన్నట్టుండి కొండల మీంచి వెచ్చటి గాలొచ్చి ఒక్కపూటలో మంచంతా నీళ్లు చేసేస్తుంది. ఆంటీ మీగడరంగు చీర, దానిమీద పొడుగు కోటు, కాళ్లకి మంచు బూట్లు, హ్యాండ్‌బ్యాగులో బైబిలు, చిన్న పాటల పుస్తకం. సీట్రెయిన్‌లో (ఊళ్లో నడిచే లోకల్ రైలు అది) కళ్లు మూసుకుని గైడు గారి కోసం ప్రార్థన కూడా చేశారు. మధ్యాహ్నం రెండింటికి చెప్పిన చోటికి వెళ్లేసరికి పదిమంది దాకా ఉన్నారు. వాళ్ల మధ్యలో ఎర్రగడ్డంతో ఒక ఆరడుగుల మనిషి, మోకాళ్ల దాకా గళ్ల లంగాలాంటిది కట్టుకుని, అందరికీ చేతులిచ్చి పలకరిస్తున్నాడు. పాస్టరు గారా అని ఆంటీ నా చెవిలో అడిగారు. అయ్యుండొచ్చు అన్నాను.

ఆయన మమ్మల్ని ఒక రాతి భవనంలోకి తీసుకెళ్లాడు. రంగుటద్దాల కిటికీలు, పొడుగాటి చెక్క బెంచీలు, మసక వెలుతురు. ఆంటీ లోపల అడుగు పెడుతూనే ఉన్ని టోపీ తీసేసి, తలమీద చీర కొంగు కప్పుకుని, భక్తిగా బెంచీ చివర కూర్చున్నారు. నేను ఆవిడ పక్కన కూర్చుని తలెత్తి చూస్తే ఎదురుగా గోడ నిండా సీసాలు. వెనక దీపాలు. అప్పుడు జేబులోంచి ఫోన్ తీసి, బుక్ చేసిన పేజీలో, ఆ కాగితం మీద నేను వదిలేసిన మూడో లైను చదివాను. నాలుగు పబ్బులు, నాలుగు రకాల విస్కీలు, నడుస్తూ రుచి చూడండి అని ఉంది. ఈలోపు అందరి ముందూ ఒక్కొక్క గ్లాసు పెట్టేశారు. తులిప్ పువ్వు మొగ్గలాగా చిన్న గ్లాసు, అడుగున బంగారు రంగు. ఆంటీ దాన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"బాబూ, ఇది స్పిరిట్."

"అవునాంటీ."

"మనం అనుకున్న స్పిరిట్ కాదు."

"కాదాంటీ."

"ఇంజెక్షన్ ముందు రాసేది కూడా కాదు."

"అది కూడా కాదాంటీ," అన్నాను, నేల చూస్తూ.

ఆవిడ లేచి బ్యాగు తీసుకుంటారనుకున్నాను. లేస్తే నేను కూడా లేచి, స్టేషన్ దాకా క్షమాపణలు చెప్పుకుంటూ వెళ్లి, ఆ రాత్రే వేరే బేస్‌మెంటు వెతుక్కోవాల్సిందే. కానీ ఆంటీ కాసేపు ఆ గదిని చూశారు. అవతలి బెంచీలో పుట్టినరోజు కిరీటం పెట్టుకున్న ఒక లావుపాటావిడ, ఆవిడ స్నేహితురాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు. చివరికి ఆంటీ, వచ్చాం కదా, కాసేపు కూర్చుందాం, లోపల వెచ్చగా ఉంది, నువ్వు మాత్రం గ్లాసు ముట్టుకోకు అన్నారు. గడ్డం మాస్టారు (మేము ఆయనకి పెట్టుకున్న పేరు అదే) విషయం కనిపెట్టి, వంగి, మెల్లగా అడిగాడు. ఆంటీ తాము తాగమని, అది తమ విశ్వాసమని మర్యాదగా చెప్పారు. ఆయన ఆవిడకి అల్లం సోడా తెప్పించి, ఈ విద్యలో నాలుకది చిన్న పనేననీ, అసలు పని ముక్కుదేననీ, పెద్ద పెద్ద నిపుణులు కూడా రోజంతా వాసనే చూస్తారనీ చెప్పాడు. నోరు కొద్దిగా తెరిచి వాసన చూడాలట. ఆంటీ ముఖంలో ఏదో కదిలింది. వాసన చూడ్డం నాకొచ్చు అన్నారు. రావడమేమిటి, గుమ్మంలో నిలబడి ఏ మంచం మీద పేషెంటుకి పుండు చెడిందో చెప్పగలిగిన మనిషి.

మిగతావాళ్లందరూ వెనిల్లా, వెనిల్లా అంటున్నారు. ఆంటీ రెండోసారి పీల్చి, బెల్లం పాకం అడుగంటిన వాసన, దానిమీద లవంగం అని ఇంగ్లీషులో విడమర్చి చెప్పారు. గడ్డం మాస్టారు చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. ఆ విస్కీ రై అనే ధాన్యంతో చేసిందట, లవంగం వాసన దాని గుణమేనట. అందరూ మళ్లీ గ్లాసులెత్తి, లవంగం వెతుక్కోవడం మొదలుపెట్టారు. నేను మాత్రం వేరే సమస్యలో ఉన్నాను. మా ఇద్దరి ముందూ రెండు గ్లాసులు పోసినవి పోసినట్టే ఉన్నాయి. అంత మర్యాదస్తుడు పోయించింది అలా వదిలెయ్యడం బాగుండదనిపించింది. (ఇది నేను చాలాకాలం చెప్పుకున్న కారణం. అసలు కారణం, రుచి చూడాలనిపించడం.) ఆంటీ కిటికీ అద్దాలు చూస్తుండగా ఒకటి, మాస్టారితో మాట్లాడుతుండగా ఇంకొకటి, గొంతులో పోసేసుకున్నాను. ముందటి రాత్రి తిన్న పప్పుచారు తర్వాత నా కడుపులోకి వెళ్లిన మొదటి పదార్థం అదే.

రెండో పబ్బు రెండు వీధుల అవతల. చూరుల నుంచి మంచు నీళ్లు టపటపా కారుతున్నాయి. ఒకప్పుడు ఈ ఊరంతా చెక్క ఇళ్లేననీ, మంటల్లో కాలిపోతే రాతితో కట్టుకున్నారనీ గడ్డం మాస్టారు గోడలు తడుముతూ చెబుతున్నాడు. ఆంటీ అందరికంటే ముందు నడుస్తూ ప్రశ్నలడుగుతున్నారు. నేను వెనకాల నడుస్తూ, ఈ ఊళ్లో ఫుట్‌పాత్‌లు ఇంత మెత్తగా ఉంటాయని ఇన్నాళ్లూ గమనించలేదే అనుకుంటున్నాను.

అక్కడ ఆంటీ రెండో గ్లాసు వాసన చూశారు. మళ్లీ చూశారు. గ్లాసుని రెండు చేతుల మధ్యా పెట్టుకున్నారు. ఏమైందాంటీ అని నేను అడిగితే, గరాజ్ అన్నారు. కొంచెంసేపటికి, "అంకుల్ గరాజ్. దేవదారు చెక్క రంపం కింద వేడెక్కితే ఇదే వాసన. పని అయ్యాక చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని లోపలికొచ్చేవారు. అదీ ఉంది ఇందులో," అన్నారు. గడ్డం మాస్టారు ఎదురుగా నిలబడి ఉంటే ఆయనకి కూడా ఇంగ్లీషులో చెప్పారు, చార్టు చదివి వినిపించినట్టు, గొంతు మారకుండా. ఆయన ఈసారి నోటుబుక్కు తియ్యలేదు. మీకెంతసేపు కావాలంటే అంతసేపు కూర్చోండమ్మా అన్నట్టు చెయ్యి చూపించి, మిగతా గుంపుని గోడమీది ఫొటోల దగ్గరికి తీసుకెళ్లి, ఉన్న కథలూ లేని కథలూ చెబుతూ ఉండిపోయాడు. ఆంటీ ఆ గ్లాసుతో అలా ఇరవై నిమిషాలు కూర్చున్నారు. ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ పక్కన కుదురుగా కూర్చోవలసింది. నాకు ఏడుపొస్తోంది. అది కనపడకుండా నా గ్లాసెత్తి పూర్తి చేశాను. ఇంకా ఆగకపోతే, కిరీటం పెట్టుకున్నావిడ తనకి చాలని ఇచ్చిన రెండు గ్లాసులు కూడా పూర్తి చేశాను. ఆంటీ గ్లాసు మాత్రం ముట్టుకోలేదు. ఆ ఒక్క బుద్ధి అయినా ఉన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

మూడో చోట పోసింది పొగ విస్కీ. బురదనేలలోంచి తవ్వి ఎండబెట్టిన గడ్డలు కాల్చి, ఆ పొగతో బార్లీ ఆరబెడతారట. గుంపులో సగం మంది ముఖం చిట్లించారు. ఆంటీ ఒక్కసారి పీల్చి, "డ్రెస్సింగ్ రూము. టింక్చర్ అయోడిన్," అనేశారు. మిషన్ ఆసుపత్రిలో ట్రెయినింగప్పుడు రోజూ పీల్చిందేనట. గడ్డం మాస్టారు రెండు చేతులూ పైకెత్తి, ఇరవై ఏళ్లుగా ఈ నడక నడిపిస్తున్నాను, ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు అని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆంటీ నవ్వారు. పళ్లు కనపడేలా నవ్వారు. ఆ ఇంట్లో ఏడాది ఉండి కూడా ఆవిడకి ఒక పక్క పన్ను మీద పన్ను ఉందని నాకు తెలియదు.

ఆ చప్పట్ల మధ్య నేను నా గ్లాసూ, ఆంటీ వాసన చూసి పక్కన పెట్టిన గ్లాసూ ఖాళీ చేసేశాను. అదే ఊపులో గడ్డం మాస్టారు నా వైపు తిరిగి, మరి ఈ యువకుడికి ఏం వాసన వస్తోంది అని అడిగాడు. నేను లేచి నిలబడ్డాను. లేవమని ఎవరూ అనలేదు. బల్ల అంచు పట్టుకుని, స్వచ్ఛమైన తెలుగులో, "అయ్యగారూ, నేను పాపిని," అని చెప్పి ఏడవడం మొదలుపెట్టాను. ఆంటీ నవ్వు ఆగిపోయింది. నా ముందున్న ఖాళీ గ్లాసులు చూశారు, నా కళ్లు చూశారు, చెయ్యి పట్టుకుని నాడి చూశారు. ఎన్ని అన్నారు. ఆరు అన్నాను, కాదు ఏడు అన్నాను. ఏం తిన్నావు అన్నారు. మీరు ఉపవాసం ఉండమన్నారు కదాంటీ అన్నాను. అప్పుడు ఆవిడ కోపం వచ్చినంత వేగంగానే వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్ల వార్డు ఆవిడలో లేచింది. కుర్చీ దగ్గరికి లాగారు, మంచినీళ్లు తెప్పించారు, వేయించిన బంగాళాదుంపలు తెప్పించి ఒక్కొక్కటీ నోట్లో పెట్టారు. కిరీటం ఆవిడ నా వీపు నిమిరింది. నాలుగో పబ్బుకి మేము వెళ్లలేదు. గడ్డం మాస్టారు ఆంటీ దగ్గర ఈమెయిలు రాయించుకుని, గుంపుతో వెళ్లిపోతుంటే, ఆంటీ వాళ్లు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశారు. ఆ నాలుగోది ఎలాంటి వాసనో అన్నారు, తనలో తానే.

సీట్రెయిన్‌లో ఆంటీ భుజం మీద తల పెట్టుకుని, ప్రభువా, ప్రభువా అంటూ కళ్లు తుడుచుకుంటున్నాను. రెండో స్టేషన్లో మా చర్చి సెక్రటరీ గారి భార్య ఎక్కింది. జలుబుతో ముక్కు బిగుసుకుపోయి, రుమాలు అడ్డం పెట్టుకుని ఉంది. (ఆ జలుబే లేకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.) ఆంటీ జన్మలో అబద్ధం ఆడని మనిషి. ఆ రోజు కూడా ఆడలేదు.

"వందనాలు సిస్టర్. ఎక్కడ్నుంచి?"

"స్పిరిట్ వాక్‌కి వెళ్లొస్తున్నాం సిస్టర్."

"అలాగా. బాబు ఏంటి, అలా ఏడుస్తున్నాడు?"

"ఉపవాసం ఉండి వచ్చాడు. వాడికి కొంచెం ఎక్కువ తగిలింది."

ఆవిడ రుమాలు తీసి నన్ను చూసిన చూపులో ఎంత గౌరవం ఉందో ఆ స్థితిలో కూడా నాకు అర్థమైంది. ఆదివారం భోజనాల వేళకి మాత్రమే కచ్చితంగా చర్చికొచ్చే కుర్రాడిగానే అప్పటిదాకా ఆవిడకి నేను తెలుసు.

మర్నాడు ఆరాధనలో ప్రకటనలు చదివేటప్పుడు సెక్రటరీ అంకుల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మన సంఘ యువకుడొకరు నిన్న ఉపవాసంతో స్పిరిట్ వాక్‌కి వెళ్లారనీ, రైల్లోనే కన్నీళ్లు ఆపుకోలేకపోయారనీ, మా ఇంటావిడ కళ్లారా చూసిందనీ చెప్పారు. వచ్చే శనివారానికి ఇప్పటికే పదకొండు మంది పేర్లు ఇచ్చారు, అందరూ ఉపవాసంతోనే వెళ్లాలి అన్నారు. ఆ తర్వాత, తమ్ముడు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతాడు అన్నారు. నాకు తల ఇంకా రెండు ముక్కలుగానే ఉంది. చెబితే ఆంటీ పరువు పోతుంది, సండే స్కూలు పోతుంది. చెప్పకపోతే పదకొండు మంది విశ్వాసులు ఖాళీ కడుపుతో, పాటల పుస్తకాలతో, పబ్బులో కూర్చుంటారు. మైకు పట్టుకుని వందనాలు చెప్పాను. ఆ నడక ఇప్పుడు ఫుల్లయిపోయిందండీ, సీట్లు లేవు అని మొదలుపెట్టాను. ముందు వరుసలోంచి ఆంటీ లేచొచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

డ్యూటీ దిగే నర్సు డ్యూటీ ఎక్కే నర్సుకి పేషెంటు సంగతి అప్పజెప్పినట్టు అప్పజెప్పారు, ఏదీ వదలకుండా. కాగితం సగం చదివిందెవరో, ఉపవాసం ఉండమన్నదెవరో, తాగిందెవరో. సెక్రటరీ అంకుల్ ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. ఆంటీ అంతటితో మైకు ఇచ్చెయ్యలేదు.

"మొదటి గ్లాసు దగ్గరే లేచొచ్చెయ్యొచ్చు. రాలేదు. కూర్చుంది నేనే, ఆ తప్పు వీడిది కాదు. అక్కడ ఒక గ్లాసులో మా ఆయన గరాజ్ వాసన వచ్చింది. పద్నాలుగు నెలలైంది నేను ఆ తాళం తియ్యక. తర్వాత నవ్వాను కూడా. మీకు ఇదంతా చెప్పకుండా ఇక పిల్లలకి పాఠం చెప్పలేను. అందుకని చెబుతున్నాను."

పాస్టరు గారు పెద్దాయన, బందరు మనిషి, నెమ్మది. ఆయన లేచి, ఆంటీ దగ్గరికి రాకుండా, ప్రభు భోజనం బల్ల దగ్గరికి వెళ్లారు. ఆ బల్ల అంకుల్ చేసిచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. తెల్లగుడ్డ ఒక మూల పైకి తీసి, నడుం వంచి, చెక్కకి ముక్కు ఆనించి చాలాసేపు ఉండి, "ఇంకా వస్తోందమ్మా," అన్నారు. ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వు వరుసలన్నీ తిరిగింది. ఆంటీ మైకు పట్టుకునే నవ్వుతూ, నవ్వుతూ ఏడ్చారు. ఆరాధనయ్యాక సండే స్కూలు పిల్లలు వరుసగా వెళ్లి బల్ల వాసన చూశారు. సెక్రటరీ అంకుల్ పదకొండు పేర్లూ కొట్టేశారు. (ఇద్దరు మాత్రం తమ పేర్లు ఉంచవచ్చేమో అడిగారని తర్వాత తెలిసింది.) నాకు మూడు నెలలపాటు గిన్నెలు కడిగే డ్యూటీ వేశారు. న్యాయమే.

మూడు వారాలు పోయాక, ఒక శనివారం మధ్యాహ్నం నేను మెట్లెక్కి పైకొచ్చేసరికి ఆంటీ గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నారు. పక్కన పెద్ద డబ్బా నిండా జంతికలు. ఎక్కడికాంటీ అన్నాను. గడ్డం మాస్టారు ఈమెయిలు పెట్టాడట, కొత్త గుంపు వస్తోంది, మీ ముక్కు కావాలి అని. పాస్టరు గారికి చెప్పే వెళ్తున్నాను, సోడా తాగి వచ్చేస్తాను, ఈ జంతికలు ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లకి అన్నారు. రెండు నిమిషాలాగండి, నేనూ తోడొస్తానన్నాను. ఆవిడ నన్ను తలనుంచి కాలిదాకా చూసి, "నువ్వొద్దు బాబూ. నిన్ను స్టేషన్ మెట్లెక్కించే ఓపిక నాకు లేదు," అన్నారు.

తలుపు వేసుకుని వెళ్లిపోయారు. నేను కిటికీ దగ్గర నిలబడి, ఆ మీగడరంగు చీర అంచు కోటు కిందనుంచి ఊగుతూ వీధి చివరిదాకా వెళ్లడం చూశాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ శనివారం ఎక్కడికీ వెళ్లే పని లేనివాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణేనని అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అక్కేమో ఫోన్‌లో, అమ్మని నువ్వే మనిషిని చేశావు తమ్ముడూ అంటే, నేను సిగ్గు లేకుండా ఆ మెప్పంతా ఉంచేసుకున్నాను. ఆ ఇరవై ఆరేళ్ల కుర్రాడు ఇప్పుడు నాకు ఎదురుపడితే ఏమీ అనను. కిటికీ దగ్గర్నుంచి లేపి, కోటు తొడిగి, బయటికి పంపిస్తాను. వెళ్లేముందు రెండు జంతికలు చేతిలో పెడతాను.